బలి లేని పాపం

దావీదు చేసిన పాపానికి ధర్మశాస్త్రంలో బలి లేదు. లేవీయకాండం తిరగేస్తే పొరపాటున చేసిన తప్పులకు దారులు చాలానే కనిపిస్తాయి. కలిగినవాడు గొర్రెను తేవచ్చు, మేకను తేవచ్చు. అంత స్తోమత లేనివాడికి రెండు గువ్వలు చాలు. అవి కూడా కొనలేని నిరుపేద కాస్త గోధుమపిండి తెచ్చినా యాజకుడు కాదనడానికి వీల్లేదు. చేతిలో డబ్బు లేదన్న కారణంతో ఎవరూ క్షమాపణకు దూరం కాకూడదని చేసిన ఏర్పాటది. కానీ తెలిసి తెలిసి, దేవుణ్ణి ధిక్కరించి చేసినదానికి సంఖ్యాకాండం 15వ అధ్యాయం ఏ బలీ చెప్పదు. ఆ మనిషిని ప్రజల్లోంచి కొట్టివేయమంటుంది. వ్యభిచారానికి శిక్ష మరణం. హత్యకూ మరణమే. హంతకుడి ప్రాణానికి బదులుగా సొమ్ము పుచ్చుకోకూడదని 35వ అధ్యాయం పనిగట్టుకుని చెబుతుంది. దావీదు ఈ రెండూ చేశాడు. రాజుగారి మందలు ఎంత పెద్దవైనా, ఆయన తోలుకెళ్లి బలిపీఠం ముందు నిలబెట్టదగిన జీవం వాటిలో ఒక్కటీ లేదు.

51వ కీర్తనలో, నీకు బలి కావాలంటే ఇచ్చి ఉండేవాణ్ణి అని ఆయన దేవుడితో మొరపెట్టుకున్న మాటను మనం భక్తి కొద్దీ అన్న మాటగా చదువుకుంటాం. అది ఉన్నదున్నట్టు చెప్పిన మాట. తన కేసుకు చట్టంలో ఎక్కడా వెసులుబాటు లేదని ఎరిగిన మనిషి మాట. ఇచ్చుకోవడానికి ఏమీ లేక, విరిగిన మనసు ఒక్కటే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

కోపం, నోటి దురుసు, చిన్నాచితకా అబద్ధం లాంటివి రాత్రి ప్రార్థనలో చెప్పేసుకుని నిద్రపోతాం. వాటికి క్షమాపణ ఉందని నమ్మడం ఎవరికీ అంత కష్టం కాదు. తలుచుకుంటే కడుపులో దేవినట్టయ్యే పాపం వేరు. దాని తర్వాత కూడా దేవుడు తనవాడేనా, తాను దేవుడి బిడ్డేనా అన్న ప్రశ్న మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. నేను మాట్లాడేది ఆ మనిషి గురించి.

మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక అచ్చు పడిపోయింది. ఒకప్పుడు తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యి చేసుకునేవాణ్ణి. ఫలానా కూటాల్లో వాక్యం విన్నాను, బాప్తిస్మం తీసుకున్నాను, ఇప్పుడు ప్రభువు నన్ను ఇలా నిలబెట్టాడు. ఆ సాక్ష్యాలంటే నాకు చాలా ప్రేమ. వాటివల్ల బాగుపడ్డ ఇళ్లు నా కళ్లముందే ఉన్నాయి. అయితే ఆ అచ్చులో పాపానికి ఒక్కటే చోటుంది, బాప్తిస్మానికి ముందు. నీళ్లలోంచి లేచాక, సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పడం మొదలుపెట్టాక, సంఘ పెద్దగా కానుకల పళ్లెం పట్టుకున్నాక పడిపోయినవాడు మైకు ముందుకొచ్చి ఏం చెప్పాలి? వాడి కథకు అక్కడ జాగా లేదు. కాబట్టి చెప్పడు. తెలియక చేసినవాళ్లను దేవుడు క్షమించాడు, నువ్వు తెలిసి చేశావు కదా అని లోపల ఒక గొంతు అంటూనే ఉంటుంది. దానికి ఎదురు చెప్పే గొంతు వాడికి బయటనుంచి వినపడదు.

బైబిల్లో ఆ అచ్చు లేదు. నిబంధన మందసాన్ని యెరూషలేముకు తెచ్చి, దాని ముందు ఒళ్లు మరిచి నాట్యమాడిన తర్వాత పడ్డాడు దావీదు. నీళ్లమీద నడిచి, కొండమీద మహిమ చూసి, నువ్వే క్రీస్తువని నోరారా ఒప్పుకున్న తర్వాత యేసును ఎరగనని బొంకాడు పేతురు. ఇద్దరి పతనమూ విశ్వాసం మధ్యలోనే జరిగింది.

2 సమూయేలు 11వ అధ్యాయాన్ని తొందరపడకుండా చదవాలి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. యోవాబు సైన్యంతో వెళ్లి అమ్మోనీయుల రబ్బాను ముట్టడించాడు. దావీదు ఊళ్లోనే ఉండిపోయాడు. ఒక సాయంత్రం మిద్దెమీద తిరుగుతూ స్నానం చేస్తున్న స్త్రీని చూశాడు, ఎవరో కనుక్కున్నాడు, ఫలానావాడి భార్య అని తెలిసింది. తెలిసి కూడా మనుషుల్ని పంపి పిలిపించుకున్నాడు. గర్భవతినని ఆమె కబురు పంపేసరికి ఆమె భర్త ఊరియాను యుద్ధం నుంచి రప్పించాడు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. ఊరియా వెళ్లలేదు. తోటివాళ్లు బయట గుడారాల్లో పడుకుంటే తాను ఇంట్లో ఎలా తిని తాగి పడుకుంటానంటూ రాజమందిరం వాకిట్లో సేవకుల మధ్య పడుకున్నాడు. మర్నాడు రాజు అతనికి తాగించాడు. అయినా వెళ్లలేదు. చివరికి దావీదు యోవాబుకు ఒక ఉత్తరం రాసి ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. పోరు గట్టిగా ఉన్నచోట ఇతన్ని ముందు నిలబెట్టి మీరు వెనక్కి తగ్గండి అన్నది అందులో సంగతి. తన చావు ఆజ్ఞను తనే మోసుకుని, విప్పి చూడాలన్న ఆలోచన కూడా రాక, ఆ సిపాయి తిరిగి యుద్ధానికి నడిచి వెళ్లాడు. ఆ ఉత్తరం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు దావీదు మీద కోపం పొంగుతుంది. అది తగ్గాలని కూడా నేను కోరుకోను. దావీదు వీరుల జాబితా అదే గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. అందులో ఆఖరి పేరు హిత్తీయుడైన ఊరియా.

నెలలు గడిచాయి. ఊరియా భార్య బత్షెబను దావీదు ఇంటికి తెచ్చుకున్నాడు, కొడుకు పుట్టాడు. ఈ మధ్యకాలంలో రాజు ప్రార్థనలు మానేశాడని ఎక్కడా రాయలేదు. కొలువు నడిచే ఉంటుంది, తీర్పులూ చెప్పే ఉంటాడు. దాచుకున్న పాపం ఎముకల్ని లోలోపల ఎలా తినేస్తుందో 32వ కీర్తనలో వర్ణించింది ఆయనే. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు. ధనవంతుడికి బోలెడు మందలున్నాయి, పక్కింటి పేదవాడికి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని కంచంలో తింటూ, అతని ఒళ్లో పడుకుంటూ కూతురిలా పెరిగింది. చుట్టం వస్తే ధనవంతుడు తన మంద జోలికి పోకుండా ఆ పిల్లను లాక్కుని వండించాడు. బత్షెబ మీదకే తప్పు తోసే ప్రసంగాలు నేను కొన్ని విన్నాను. ఆరుబయట స్నానమేమిటంటారు. ప్రవక్త చెప్పిన కథలో గొర్రెపిల్ల తప్పేమీ లేదు. దేవుడు ఆ కేసును ఎలా చూశాడో ఆ కథే చెబుతోంది.

నేను పాపం చేశానని దావీదు అన్నాడు. అంతే. ఉపవాసం లేదు, గోనెపట్ట లేదు, నలభై రోజుల దీక్ష లేదు. వెంటనే నాతాను, యెహోవా నీ పాపాన్ని తీసివేశాడని, నువ్వు చావవని చెప్పేశాడు. ఒప్పుకోలుకూ క్షమాపణకూ మధ్య ఒక్క వాక్యమైనా లేదు.

ఇది ఇంత తేలికా అని కోపం రావాలి. ఊరియా పక్షాన నిలబడి చూసేవాడికి రాకుండా ఉండదు. ఎంతో కొంతకాలం ఆ మనిషి ఏడవాలి కదా, మనసు మారిందని రుజువు చేసుకోవాలి కదా. పాపం చేసినవాడు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచిస్తాడు, అక్కడే చిక్కుపడతాడు. సరిపడా ఏడిచానా లేదా అని తన కన్నీళ్లను తనే కొలుచుకుంటాడు. తన పశ్చాత్తాపం నిజమైందో కాదో తనే పరీక్ష పెట్టుకుని తనే దిద్దుకుంటాడు, ప్రతిసారీ తప్పుతాడు. నేరం చేసిన మనసే తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటే విడుదల ఎక్కణ్ణుంచి వస్తుంది? క్షమాపణ నిశ్చయత లోపల పుట్టే వస్తువు కాదని నా గట్టి నమ్మకం. అది బయటనుంచి, ఇంకొకరి నోటినుంచి, దేవుడి మాటగా చెవిన పడాలి. దావీదు మిద్దెమీద ఒంటరిగా కూర్చుని తనను క్షమించారన్న సంగతి ఊహించుకోలేదు. నాతాను చెబితే విన్నాడు.

గోదావరి జిల్లాలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. భార్య కువైట్ వెళ్లి ఇంటిపని చేసి నెలనెలా డబ్బు పంపేది. ఈయన ఆ డబ్బుతో ఇంకో మనిషితో కాపురం పెట్టాడు. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. సంఘంలో పాటలు పాడే మనిషి, డోలక్ బాగా వాయించేవాడు. కొన్నాళ్లకు ఆ రెండో కాపురం తెగిపోయింది, ఈయన మళ్లీ గుడికి రావడం మొదలుపెట్టాడు. కానీ నెల మొదటి ఆదివారం, ప్రసంగం అయ్యాక బల్లమీది గంజిపెట్టిన తెల్లగుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని పెద్దలు తీసేసరికి, రొట్టె ముక్కల పళ్లెమూ చిన్నచిన్న గాజుకప్పుల ట్రే బయటపడేసరికి, ఈయన వెనక వరస నుంచి లేచి, గుమ్మం దగ్గర చెప్పులు చేతపట్టుకుని, అరుగు దిగాక తొడుక్కుని వెళ్లిపోయేవాడు. ఏళ్లతరబడి అంతే. అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు.

కొత్తగా వచ్చిన అయ్యగారు అడిగారు. ఆ సంభాషణ ఆయనే నాకు చెప్పుకున్నాడు, చెప్పుకోవచ్చని కూడా అన్నాడు.

"నా సంగతి దేవుడికి తెలుసు గదండీ, అయ్యగారూ."

"తెలుసు. క్షమించాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"మరి నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

ఆ సాయంత్రం గుడిలో, లైటు కూడా వేయకుండా, అంతా చెప్పాడు. డబ్బు ఎంత తిన్నాడో, భార్య ఫోను చేస్తే ఎన్ని అబద్ధాలాడాడో, చిన్నపిల్లకు జ్వరమొచ్చినప్పుడు తానెక్కడున్నాడో. అయ్యగారు మధ్యలో ఆపలేదట, ఓదార్చలేదట. అయిపోయాక తలమీద చెయ్యి పెట్టి, యేసు ప్రభువు నిన్ను క్షమించాడు, ఇది నా మాట కాదు అన్నారట. ఆ వెంటనే, ఇంటికెళ్లి మీ ఆవిడకు ఫోను చెయ్యి అన్నారట.

ఆయన్ను బల్లకు దూరం పెట్టింది ఎక్కువగా 1 కొరింథీయులకు 11వ అధ్యాయమే. అయోగ్యంగా తిని తాగితే శిక్ష కొనితెచ్చుకుంటారన్న హెచ్చరిక అక్కడుంది. దాన్ని విని వణికి లేచిపోయినవాళ్లు మన తెలుగు సంఘాల్లో ఎంతోమంది. ఆ హెచ్చరికకు ముందున్న వచనాలు చదివితే పౌలు కోపం ఎవరి మీదో తెలుస్తుంది. కలిగినవాళ్లు ముందే వచ్చి తమ తిండి తాము తినేస్తున్నారు, కొందరు మత్తెక్కేదాకా తాగుతున్నారు, పేదవాళ్లు వచ్చేసరికి ఏమీ మిగలక ఆకలితో, సిగ్గుతో నిలబడుతున్నారు. బల్ల దగ్గర సాటి సహోదరుణ్ణి అవమానించేవాళ్లకు చెప్పిన మాటది. ఎవరికి వారు పరీక్షించుకుని అప్పుడు తినమన్నాడు పౌలు. పరీక్షించుకుని చెప్పులేసుకుని వెళ్లిపొమ్మని ఎక్కడా అనలేదు. గుండె పగిలి వచ్చినవాడి కోసమే ఆ రొట్టె విరిచారని మన బోధకులు అంతే గట్టిగా చెప్పాలి.

1842లో హయ్యరు గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను నుంచి పెరిగిన సంఘాల్లో, అలాగే సి.ఎస్.ఐ. గుళ్లలో, ఆరాధనలో ఒక క్రమం ఉంది. అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు, ఆ తర్వాత గురువు లేచి దేవుడి పేరట క్షమాపణ ప్రకటిస్తాడు. పుస్తకం చూసి చదివేదాంట్లో ఆత్మ ఎక్కడుందని కొత్త సంఘాలవాళ్లు దాన్ని తేలిగ్గా తీసేస్తారు. వాళ్ల ఆరాధనలో గంటసేపు పాటలున్నాయి, స్తుతి ఉంది, ప్రసంగం ఉంది. ఒప్పుకోవడానికి చోటు లేదు, క్షమాపణ వినడానికీ చోటు లేదు. ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం. మఠంలో ఉన్న రోజుల్లో మార్టిన్ లూథరు తన గురువు స్టాపిట్జ్ దగ్గర కూర్చుని గంటలకొద్దీ పాపాలు ఏకరువు పెట్టేవాడు. బయటికొచ్చాక ఏదో మరిచానని మళ్లీ బెంగ. పాత సంఘ ఆచారాల్లో ఎన్నిటిని తుడిచేసినా, 1529లో తాను రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఒప్పుకోలును, గురువు నోట క్షమాపణ వినడాన్ని ఆయన ఉంచుకున్నాడు. ఎన్ని పాపాలు గుర్తుకొచ్చాయన్న లెక్క నుంచి బరువు తీసి, చెప్పేవాడి మాట మీద పెట్టాడు. ఆ మాట గురువుది కాదు, దేవుడిది అని నమ్మమన్నాడు.

అదే నోరు మూసుకుంటే ఏమవుతుందో యూదా ఇస్కరియోతు కథలో ఉంది. అతను పశ్చాత్తాపపడ్డాడు, నేను తప్పు చేశానని నోటితో ఒప్పుకున్నాడు, పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలు వెనక్కి తెచ్చాడు. ఒప్పుకోలుకు కావలసినవన్నీ ఉన్నాయి. వెళ్లింది కూడా గుడికే, ప్రధాన యాజకుల దగ్గరికే. పాపంతో వచ్చినవాణ్ణి దేవుడి దగ్గరికి తీసుకెళ్లడమే వాళ్ల ఉద్యోగం. నీ గోల మాకెందుకు, నువ్వే చూసుకో అన్న అర్థంలో వాళ్లు తలుపు మూశారు. నీ పాపం సంగతి నువ్వే చూసుకో అన్న మాటకంటే భయంకరమైన మాట ఇంకొకటి నాకు తోచదు. అతను డబ్బు గుడిలో విసిరేసి వెళ్లి తనే తనకు తీర్పు తీర్చుకున్నాడు.

పేతురుకు క్షమాపణ మాట వేరేచోటి నుంచి వచ్చింది. సమాధి దగ్గర స్త్రీలతో దూత చెప్పిన కబురులో, శిష్యులకు చెప్పండి అన్న తర్వాత పేతురుకు కూడా చెప్పండని విడిగా ఉందని మార్కు రాశాడు. శిష్యులన్నాక పేతురు అందులో లేడా? తనను ఆ లెక్కలోంచి తీసేశారని అతను అనుకుంటున్నాడని పంపినవాడికి తెలుసు. ఆ తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వలవేసి ఒక్క చేపా పడని తెల్లవారుజామున, యేసు బొగ్గుల నిప్పు రాజేసి దానిమీద చేపలు కాలుస్తున్నాడు. బొగ్గుల నిప్పు అని యోహాను సువార్తలో రెండేచోట్ల కనిపిస్తుంది. మొదటిది ప్రధాన యాజకుడి లోగిలిలో, చలి కాచుకుంటూ పేతురు బొంకినచోట. అదే వాసన మధ్య, ముందు పెట్టి తినిపించి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడని యోహాను దాచకుండా రాశాడు. గాయాన్ని తాకకుండా మాన్పిన వైద్యం కాదది.

ఇదే ప్రశ్న ఒకప్పుడు సంఘానికంతటికీ ఎదురైంది. క్రీస్తుశకం 250లో రోమా చక్రవర్తి డేసియస్ అందరూ దేవతలకు బలి ఇవ్వాలని, ఇచ్చినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. ఆ పత్రాలు ఐగుప్తు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. పేరు, ఊరు, నేనెప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట నైవేద్యం రుచి చూశాను అన్న మాట, కింద సాక్షి సంతకం. కార్తేజులో క్రైస్తవులే అధికారుల దగ్గర బారులు తీరారనీ, పొద్దుపోయింది రేపు రండి అంటే ఇవాళే కానివ్వమని బతిమాలినవాళ్లున్నారనీ అక్కడి బిషప్పు కుప్రియను రాశాడు. హింస సద్దుమణిగాక వాళ్లే ఏడుస్తూ సంఘం తలుపు తట్టారు. వీళ్లను మళ్లీ చేర్చుకునే అధికారం సంఘానికి లేదని రోమాలో నొవేషియన్ అడ్డం తిరిగాడు. అతని వాదంలో నిష్ఠ ఉంది, జైళ్లలో చచ్చినవాళ్ల మీద గౌరవమూ ఉంది. 251లో కార్తేజు బిషప్పులు కూడి, పశ్చాత్తాపానికి కాలం పెట్టి, తలుపు మాత్రం తెరిచే ఉంచారు. ఆ నిర్ణయం లేకపోతే సంఘం వీరుల క్లబ్బుగా మిగిలేది, మనలాంటివాళ్లకు అందులో చోటుండేది కాదు.

చెప్పేవాళ్లు చెప్పినా మనసుకు ఎక్కని రోజులుంటాయి. యాత్రికుని ప్రయాణం రాసిన జాన్ బన్యన్ 1666లో తన ఆత్మకథ అచ్చువేశాడు. అప్పటికి ఆయన వాక్యం ప్రకటించినందుకు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు. యౌవనంలో ఒకసారి, క్రీస్తును అమ్మెయ్యి అన్న తలంపు రోజులకొద్దీ వేధించి వేధించి, ఆఖరికి సరే పోనీ అనుకున్నాడట. ఆ ఒక్క క్షణం గురించి ఆయన పడ్డ యాతన చదివితే ఒళ్లు జలదరిస్తుంది. దావీదు పాపంతో పోల్చుకున్నాడు, పేతురు పాపంతో పోల్చుకున్నాడు, తనది యూదా పాపానికి దగ్గరని తేల్చుకున్నాడు. జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు కన్నీళ్లతో వెదికినా దొరకలేదన్న హెబ్రీ పత్రిక మాట ఆయన్ను కత్తిలా పొడిచింది. ఒక రోజు పొలంలో నడుస్తుంటే తన నీతి పరలోకంలో ఉందన్న మాట మనసులో పడింది. తన మనసు బాగున్న రోజున అది పెరగదు, బాగాలేని రోజున తరగదు, ఎందుకంటే ఆ నీతి క్రీస్తే. అప్పుడు తన కాళ్ల సంకెళ్లు ఊడిపడ్డాయని రాశాడు.

మన ఊళ్లలో ప్రోనోటు తెలియనివాళ్లుండరు. బాకీ తీరితే ఇచ్చినవాడు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడతాడు. బాకీదారుడికి ఆ రాత్రి కూడా పాత అలవాటు కొద్దీ నిద్ర పట్టకపోవచ్చు, అప్పులవాడు వస్తున్నట్టు ఉలిక్కిపడి లేవవచ్చు. అంతమాత్రాన బాకీ తిరిగి రాదు. సంతకం ఎవరిదన్నదే లెక్క. మన మీదున్న పత్రాన్ని క్రీస్తు సిలువకు కొట్టాడని కొలొస్సయులకు పౌలు రాసింది ఈ లెక్కనే. అనిపించడం లేదండీ అనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: అనిపించేదాకా ఆగకండి, సంతకం చూడండి.

దీనికంటే కష్టమైన ప్రశ్న పర్యవసానాలది. నాతాను క్షమాపణ చెప్పిన నోటితోనే బిడ్డ చనిపోతాడని కూడా చెప్పాడు. ఆ తర్వాత తామారుకు జరిగిన ఘోరం, అమ్నోను హత్య, అబ్షాలోము తిరుగుబాటు. దావీదు ఇంట్లోంచి కత్తి తొలగలేదు. దీన్ని పట్టుకుని, ఇంట్లో ఏ జబ్బు వచ్చినా, పిల్ల పెళ్లి కుదరకపోయినా, నా పాపమే పట్టి పీడిస్తోందని కుమిలిపోయే తల్లులున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని శిష్యులడిగితే, ఇతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. ప్రవక్త వచ్చి చెప్పనిదాన్ని మనం ప్రవక్తలమై మనమీద వేసుకోకూడదు. బిడ్డ బతికుండగా దావీదు ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసముండి బతిమాలాడు. బిడ్డ పోయాక లేచి, స్నానం చేసి, నూనె రాసుకుని, బట్టలు మార్చుకుని, దేవుడి మందిరానికి వెళ్లి మొక్కి వచ్చి అన్నం పెట్టమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. తన బిడ్డ పోయిన ఇంటినుంచే, పాపం తీసేశానన్న దేవుడి ముందుకు ఆయన నడిచి వెళ్లాడు. నిశ్చయత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ నడకనే చూపిస్తాను.

ఈ మాటలు చెడ్డచేతుల్లో పడితే ఎంత హాని చేస్తాయో కూడా చెప్పాలి. పిల్లలమీద, ఆడవాళ్లమీద అఘాయిత్యం చేసిన మనిషిని ముందు నిలబెట్టి, దేవుడే క్షమించాడు, మీరు కూడా మరిచిపోండి అని బాధితుల నోరు మూయించే పెద్దలున్నారు. అది దావీదు కథ నుంచి నేర్చుకున్నది కాదు. దేవుడు దావీదు పాపం తీసివేశాడు, ఊరియా పేరు తీసివేయలేదు. రాజుల మొదటి గ్రంథం 15వ అధ్యాయం దావీదు నమ్మకాన్ని మెచ్చుకుంటూనే, హిత్తీయుడైన ఊరియా విషయం తప్ప అని మినహాయిస్తుంది. మత్తయి యేసు వంశావళి రాస్తూ బత్షెబ పేరైనా రాయకుండా, ఊరియా భార్యగా ఉన్నామె అని చనిపోయిన మనిషి పేరు అక్కడ పెట్టాడు. నేరం చేసినవాడు పోలీస్ స్టేషనుకు వెళ్లాలంటే వెళ్లాలి. జక్కయ్య తాను దోచినదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ కొనుక్కోవడానికి కాదు, ప్రభువు అప్పటికే అతని ఇంట్లో అడుగుపెట్టాడు. దేవుడు తనను వదల్లేదని తెలిసినవాడే నిజం బయటపడితే తట్టుకోగలడు, శిక్షనైనా భరించగలడు.

గోదావరి జిల్లా ఆయన ఆ రాత్రి కువైట్‌కు ఫోను చేశాడు. ఆవిడ ఏమీ అనలేదు, పెట్టేసింది. ఊరొచ్చాక కూడా చాలాకాలం పుట్టింట్లోనే ఉంది. తిన్న డబ్బు లెక్క కాగితం మీద రాసి, ఉన్న స్థలం ఆవిడ పేరున రిజిస్ట్రేషన్ చేయించాడు. ఆవిడ క్షమించానని అనకముందే ఆయన మొదటి ఆదివారం బల్ల దగ్గరికొచ్చి రొట్టె తీసుకున్నాడు. సంఘంలో కొందరు గొణిగారు. ఇంటి ఇల్లాలు ఒప్పుకోకుండా ఇదెలా చెల్లుతుందన్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆవిడ క్షమాపణ ఆయన అడిగి పుచ్చుకునే హక్కు కాదు, ఆవిడ ఎప్పుడివ్వాలంటే అప్పుడిచ్చేది, ఇవ్వకపోయినా ఎవరూ నిలదీయరానిది. తాను చేయగలిగింది చేసి, చేయలేనిదాని కోసం ఎదురుచూస్తూ, ఈలోగా దేవుడిచ్చినదాన్ని కాదనకుండా తినడమే సరైందని నేను అనుకుంటున్నాను. అయ్యగారు కూడా అదే అన్నారు. ఆవిడ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ఏమని చెప్పి వచ్చిందో వాళ్లిద్దరి మధ్య విషయం.

దావీదు, బత్షెబలకు తర్వాత సొలొమోను పుట్టినప్పుడు దేవుడు ఆ పసివాణ్ణి ప్రేమించి ఇంకో పేరు పంపాడు, యెదీద్యా, యెహోవాకు ప్రియుడు అని. ఆ పేరు మోసుకొచ్చింది కూడా నాతానే. వాళ్లకు కలిగిన పిల్లల్ని 1 దినవృత్తాంతములు 3వ అధ్యాయం నలుగురిగా లెక్కపెడుతుంది. సొలొమోను పేరుకు ముందున్న పేరు నాతాను. తన పాపాన్ని కథగా చెప్పి ముఖం మీదే బయటపెట్టిన మనిషి పేరునే దావీదు ఇంట్లో ఒక బిడ్డకు పెట్టుకున్నారు, అన్నానికి రమ్మని ఆ పేరుతోనే పిలుచుకున్నారు. లూకా యేసు వంశావళిని వెనక్కి రాసుకుంటూ పోయి దావీదును చేరేది ఈ నాతాను గుండానే.